ఒక్కరికే జామీను

“సంతకం పెట్టొద్దు” అంది సుజాతమ్మ.

ఆమోసు చొక్కా గుండీ పెట్టుకుంటున్నవాడల్లా ఆగిపోయాడు. చంకలో పెన్షను కాగితాల సంచీ ఉంది. వీధిలో టోటో, అదే బ్యాటరీ ఆటో, వచ్చి నిలబడింది. నడిపే అతను తొందరగా రమ్మని బెంగాలీలో కేకేస్తున్నాడు.

మత్తుమందు కేసులో పట్టుబడ్డ టోనీకి బెయిలు వచ్చిందని నిన్న సాయంత్రం వకీలు ఫోను చేసి చెప్పాడు. ఊళ్ళో నిలకడగా ఉంటున్న మనిషి ఒకరు జామీను నిలబడితే చాలట. రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన ఆమోసు పెన్షను కాగితాలు చూపిస్తే కోర్టువారు కాదనరట. నెల దాటి జైల్లో ఉన్న కొడుకు ఈ వారంలోనే ఇంటికి రావచ్చు. ఆ మాట విన్నప్పుడు సుజాతమ్మ ఏమీ అనలేదు. అనకపోవడాన్ని మామా కోడలూ సంతోషమే అనుకున్నారు.

“ఏటన్నావు?” అన్నాడు ఆమోసు.

“పెట్టొద్దన్నాను. మన సంఘంలో నషా కేసుకి జామీను నేదు. ఆ రూలు పెట్టినదాన్ని నాను. అది మన గుమ్మం దాకా వచ్చి ఆగిపోద్దేటి?”

వంటింట్లోంచి జెనీ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. టోటో అతన్ని కాసేపు ఆగమని కిటికీలోంచి చెప్పి, అత్తగారి వైపు తిరిగింది.

జెనీ పెద్దకొడుకు జాకబ్ భార్య. జాకబ్ పోయాక పుట్టింటివాళ్ళు ఎన్నిసార్లు పిలిచినా పోకుండా ఖరగ్‌పూర్ నిమ్‌పురాలో అత్తమామల దగ్గరే ఉండిపోయింది. పౌడరు, అంటే హెరాయిన్, మానాలనుకునేవాళ్ళకి డాక్టరు రాసిన మాత్ర రోజూ ఎదురుగా మింగించే సెంటరు ఒకటి ఖరిదాలో ఉంది. అందులో ఆమెకి ఉద్యోగం. అక్కడికి వచ్చేవాళ్ళలో సగంమంది జాకబ్‌తో కలిసి తిరిగినవాళ్ళే.

“అత్తా, టోనీ నషా సెయ్యనేదు. ఆ సంగతి నీకూ తెలుసు” అంది.

“తెలుసు.”

“మూటలో ఏటున్నాదో ఆడికి తెల్దు.”

“అదీ తెలుసు. కానీ ప్రతి తల్లీ అదే అంతాది కదేటే.”

టోనీ విశాఖపట్నం వైపు నుంచి వచ్చే బండిలో కోచ్ అటెండెంటు. కాంట్రాక్టు కొలువు. ఏసీ పెట్టెలో దుప్పట్లూ తలగడలూ ఇచ్చే పని. ఆ పని ఎవరు చేసినా ఊరి మూటలు మోయడం కూడా దానితోపాటే వస్తుంది. శ్రీకాకుళం నుంచో విజయనగరం నుంచో ఎవరి చుట్టాలో చింతపండు, ఎండుచేపలు, బెల్లం మూటగట్టి, మూతి దబ్బనంతో కుట్టి, ప్లాట్‌ఫారం మీద చేతిలో పెడతారు. నిమ్‌పురా అంటారు, లేకపోతే ఖరిదా అంటారు. ఖరగ్‌పూర్‌లో దిగేసరికి ఎవరో వచ్చి మాది అని పట్టుకుపోతారు. ఇచ్చినవాళ్ళ పేరు అడగరు. కుట్టు విప్పి చూడడమంటే ఆ ఇంటి మీద ఉమ్మేసినట్టే. తాతల నాటి నుంచీ ఇక్కడి తెలుగువాళ్ళ ఉప్పూపులుసూ అలాగే రైలెక్కి వస్తోంది.

ఆ రోజు మూటకోసం ఎవరూ రాలేదు. పోలీసులు వచ్చారు. పైన చింతపండు ఉంది. కింద గంజాయి ఉంది.

సుజాతమ్మ ఆ వేళ ప్లాట్‌ఫారం మీదే ఉంది. కొడుకు బండి వచ్చినప్పుడల్లా అన్నం క్యారేజీ తీసుకెళ్ళడం ఆమెకి అలవాటు. టోనీ ఒక్క నిమిషం ఆగమని పోలీసాయన్ని బతిమాలి, వెనకటి ట్రిప్పు ఖాళీ క్యారేజీ తల్లి చేతికిచ్చి, వాళ్ళతో నడిచి వెళ్ళిపోయాడు. ఆ తరవాత ఆమె కొడుకుని చూడలేదు. జైలుకి మొగుడూ కోడలూ వెళ్ళి వస్తున్నారు. రమ్మంటే రాదు. చూసి, మళ్ళీ అక్కడే వదిలేసి రావడం తన వల్ల కాదంది.

“అందరి తల్లులూ అనీసినంత మాత్రాన అందరిదీ అబద్దం అయిపోద్దా?” అంది జెనీ.

సుజాతమ్మ మంచం మీద కూర్చుంది. మాట పెంచడం ఇష్టం లేనట్టు దుప్పటి అంచు సరిచేసింది.

ఇద్దరి మధ్యా ఈ తగువు కొత్తది కాదు. టోనీ పట్టుబడడానికి కొద్దిరోజుల ముందు రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో సభ జరిగింది. నషా మీద చట్టం బిగించాలా సడలించాలా అని అక్కడ వాదన పెట్టారు. బిగించాలని చర్చి సంఘం తరఫున సుజాతమ్మ మాట్లాడింది. అదే వేదిక మీద, వాడేవాణ్ణీ మోసేవాణ్ణీ జైల్లో పెట్టడం ఆపాలని, గంజాయికి సర్కారే లైసెన్సు పెట్టి లెక్కలోకి తేవాలని, పౌడరు పట్టినవాడికి పోలీసు కాకుండా డాక్టరు కావాలని కోడలు మాట్లాడింది. ఆ రోజు నుంచి కాలనీలో సగం మంది జెనీ పలకరిస్తే పలకరు. అత్తాకోడళ్ళు మాత్రం ఒకే టోటోలో వెళ్ళి ఒకే టోటోలో తిరిగొచ్చారు. దారిలో కూర ఏం చెయ్యాలన్న మాట తప్ప మరో మాట లేదు.

“ఈ సరుకు అడివిలోంచి బయల్దేరి నా కొడుకు సేతి దాకా వచ్చినాదంటే సట్టం వదులుగా ఉండబట్టే” అంది సుజాతమ్మ. “మీరు సెప్పినట్టు సర్కారే కొట్టు తెరిస్తే ఇంకేటి మిగుల్తాది? గోల్‌బజార్లో మిఠాయి కొట్టు పక్కన అదీ పెడతారు.”

“సారా కొట్టుకి లైసెన్సు ఉన్నాది. భాంగు కొట్టుకీ ఉన్నాది. ఆ కొట్లోళ్ళు ఎవులూ చింతపండు కింద దాచి ఊరోళ్ళ పిల్లల సేత మోయించరు అత్తా. లైసెన్సు నేని సరుకే టోనీ సేతికొచ్చినాది.”

“లైసెన్సు ఉన్న సారా మా నాన్నని వొదిలినాదేటి?”

సుజాతమ్మ తండ్రి సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు. జీతం రోజున కొట్టు ముందు కాపలా కాసిన పిల్ల సుజాతమ్మ.

“వొదల్లేదు” అంది జెనీ. “కానీ మీ నాన్న తాగి పడిపోతే నలుగురు మోసుకొచ్చి ఇంటికాడ పడుకోబెట్టినారు. నా మొగుడేడని నన్ను అడుగు. యార్డు ఎనకాల పాడుపడ్డ కోటర్లో పక్కనున్నోడు ఆణ్ణి వొదిలేసి పారిపోనాడు. ఊపిరి ఆడతన్నాదని తెలుసు ఆడికి. పోలీసోళ్ళు పట్టుకుంతారని భయం. ఒక్క కేకేసుంటే జాకబ్ ఇయ్యాల ఈ మంచం మీద కూసునుండేవోడు.”

ఆ మాట జెనీ ఇంతకు ముందు ఎప్పుడూ అనలేదు.

ఆమోసు వీధిలోకి వెళ్ళి టోటోని పంపేశాడు. తిరిగొచ్చి చొక్కా విప్పి మేకుకి తగిలించాడు. అప్పుడే వర్క్‌షాపు భోంగా మోగింది. ఆ కూత వినగానే బయలుదేరడం ఇన్నేళ్ళ అలవాటు కాబట్టి, ఎక్కడికి వెళ్ళాలో తెలియక కాసేపు గది మధ్యన నిలబడ్డాడు.

మధ్యాహ్నం స్త్రీల సమాజం వాళ్ళు ప్రార్థనకి వచ్చారు. ప్రతివారం ఒక్కో ఇంట్లో జరిగే ప్రార్థన. ఈ వారం వంతు సుజాతమ్మది. వంతు దాటవేయమని ఆమె అడగలేదు.

పాట అయింది. వాక్యం అయింది. టీ గ్లాసులు తిరిగాక సమాజం కార్యదర్శి ఏంజెలా గొంతు సవరించుకుంది. ఆమె చాలాకాలం సండే స్కూలు నడిపిన మనిషి, ఏ మాటైనా పిల్లలకి చెప్పినట్టు నిదానంగా చెబుతుంది. అందరూ కలిసి మాట్లాడుకున్నారట. టోనీ మన చేతుల్లో పెరిగిన పిల్లాడు, వాడికి ఏ పాపమూ తెలియదు, అందుచేత ఈ ఒక్కసారికి రూలు పక్కన పెట్టడానికి సమాజంలో ఎవరికీ అభ్యంతరం లేదట. ఆమోసు అన్నయ్య నిశ్చింతగా సంతకం పెట్టుకోవచ్చట.

జెనీ ముఖం వెలిగింది. గుమ్మం దగ్గర కూర్చున్న ఆమోసు తలెత్తి చూశాడు.

సుజాతమ్మ చేతిలోని టీ గ్లాసు కింద పెట్టింది.

“మరి శామ్‌కి?”



శామ్ తబిత కొడుకు. చిన్న పౌడరు పొట్లంతో దొరికాడు. అతనికి బెయిలు ఎప్పుడో వచ్చింది. వానాకాలం ముందు వచ్చింది, ఇప్పుడు చలి మొదలవుతోంది. జామీను నిలబడేవాళ్ళు లేక లోపలే ఉండిపోయాడు.

ఖరగ్‌పూర్‌లో ఎవరి పిల్లాడు ఏ గొడవలో ఇరుక్కున్నా సంఘంలో పెన్షను ఉన్న పెద్దాయన ఒకరు వెళ్ళి జామీను నిలబడడం ఆచారం. చావుకి మోసేవాళ్ళకీ, కేసుకి నిలబడేవాళ్ళకీ ఇక్కడ కరువు లేదని పాతకాలం వాళ్ళు గొప్పగా చెప్పుకునేవారు. జాకబ్‌ని మట్టిలో పెట్టి వచ్చిన మర్నాడు, సుజాతమ్మ ఆ రెండో దాన్ని ఆపించింది. నషా కేసుకి మనలో ఎవరూ నిలబడకూడదు, భయం ఉంటేనే మిగతా పిల్లలు బతుకుతారు అంది. ఏడుస్తున్న తల్లి మాట కాదనలేక అందరూ బైబిలు మీద చెయ్యి వేశారు. వేసినవాళ్ళలో తబిత కూడా ఉంది.

“శామ్ సంగతి వేరు కదమ్మా” అంది ఏంజెలా. “ఆడు సొంతానికి తాగినోడు. టోనీ తెలీక మోసినోడు.”

వంటింటి గుమ్మం దగ్గర నుంచి జెనీ, కోర్టులో లెక్క దానికి తలకిందులుగా ఉంటుందని, కొంచెంగా తాగినవాడి కంటే మోసినవాడికే శిక్ష పెద్దదని చెప్పింది. ఆమె చెప్పింది ఎవరికీ నచ్చలేదు. అయినా ఎవరూ కాదనలేదు.

“శామ్‌కి తెలీదనే తబితా సెప్పినాది” అంది సుజాతమ్మ. “ఎవుడో జేబులో పెట్టినాడని ఏడిసినాది. మనం నమ్మనేదు. ఇప్పుడు నా మాట నమ్మతన్నారు. ఎందుకేటి? నా మొగుడికి పెన్షనున్నాదనా?”

“ఒలమ్మా, అలాగంటావేటి.”

“రూలు తియ్యాలంటే ముందు శామ్‌కి తియ్యండి. తరవాత నా కొడుకు. ఏంజెలా, మీ ఆయనకీ పెన్షనున్నాది. శామ్‌కి పెడతాడా?”

ఏంజెలా చాప అంచులోంచి ఒక పుల్ల లాగింది. తనకేం అభ్యంతరం లేదుగానీ, ఆయనకి బి.పి. అని, కోర్టు మెట్లు ఎక్కలేడని అంది. పక్కావిడ తన మొగుడు ఊళ్ళో లేడంది. వెనకావిడ, శామ్ బయటికొచ్చి పారిపోతే జామీను ఉన్నవాళ్ళనే కదా పట్టుకుంటారు, పౌడరు పట్టినవాణ్ణి ఎవరు నమ్ముతారు అంది. అది మాత్రం నిజంగా ఉన్న భయమే. సుజాతమ్మ ఒక్కొక్కరినీ అడిగింది. అడిగిన కొద్దీ గ్లాసులు ఖాళీ అయ్యాయి, చెంగులు సర్దుకున్నారు. రూలు తీసేయడానికి మాట ఇచ్చినవాళ్ళలో కాగితం ఇచ్చేవాళ్ళు ఒక్కరూ లేరు.

అందరూ వెళ్ళాక సుజాతమ్మ చాపలు చుట్టి గోడకి ఆనించింది.

“వకీలు ఏటన్నాడు?” అని మొగుణ్ణి అడిగింది. “నీ కాగితాల మీద ఇద్దరికి కుదుర్తాదా?”

“కుదరదన్నాడు. ఒక మనిషికి ఒక జామీనే. సోమారం లోపల పేరు సెప్పమన్నాడు.”

“అయితే శామ్ పేరు సెప్పు.”

జెనీ చేతిలోని గ్లాసులు జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది.

“నాను అడిగినాది సట్టం మార్చమని. టోనీని అక్కడ వొదిలేయమని కాదు. ఇది న్యాయం కాదత్తా, ఇది పంతం.”

“పంతమే.”

“నా మాట గెలిచినాదని నీకు కోపం.”

“నీ మాట మీద నాకింకా నమ్మకం రానేదు జెనీ. కొట్టు తెరిస్తే పిల్లలు బతుకుతారంటే నా మనసు ఒప్పదు. కానీ నా రూలు ఒకళ్ళకి గోడా, ఇంకొకళ్ళకి గుమ్మమూ అయితే అది రూలేటి? అయితే ఇద్దరూ లోపలుండాల. నేదంటే ముందెల్లినోడు ముందు రావాల.”

“ముందెల్లినోడు” అని జెనీ ఆ మాటే మళ్ళీ అంది. పెరట్లోకి వెళ్ళిపోయింది.

ఆమోసు ఇప్పటికీ భార్యని పెద్దకొడుకు పేరుతోనే పిలుస్తాడు.

“జాకబమ్మా” అన్నాడు. “పెద్దోణ్ణి ఆస్పత్రి నుంచి పెట్టెలో తెచ్చుకోడానికి సంతకం పెట్టినాను. సిన్నోణ్ణి నడిపించి తెచ్చుకోడానికి ఒకటి పెడదామనుకున్నాను.”

సుజాతమ్మ కళ్ళు తుడుచుకోలేదు. అవి తడిగానే ఉన్నాయి.

“నువ్వు పెట్టనంటే నాను బలవంతం సెయ్యను. కాగితం నీది.”

“నువ్వు సెప్పిన పేరే పెడతాను. కానీ బాగా ఆలోచించుకుని ఒక్కసారే సెప్పు. రెండోసారి నన్ను అడక్కు.”

ఆమె లేచి చీర మార్చుకుంది. తబిత దగ్గరికి వెళుతున్నానంది. పెరట్లోంచి జెనీ కూడా వచ్చి చెప్పులు వేసుకుంది. ఎందుకని అత్త అడగలేదు. నువ్వు ఒక్కదానివీ వెళ్ళి ఆవిడ కాళ్ళ మీద పడతావేమో, చూడాలని ఉంది అంది జెనీ. అందులో కోపం ఎంతో, భయం ఎంతో ఆమెకే తెలియదు.

ఖరిదా బజారు వెనక సందులో తబితది ఒకటే గది. నర్సింగ్ హోములో ఆయా పని చేస్తుంది. ఆ సాయంత్రం డ్యూటీ లేదు. వాకిట్లో కత్తిపీట ముందేసుకుని చిన్నచేపలు శుభ్రం చేస్తోంది. వీళ్ళని చూసి లేవలేదు. చేతులు చేపల నెత్తురుతో ఉన్నాయి కాబట్టి లేవలేదనుకోవచ్చు.

“రండి. కూసోండి” అంది.

మీరు అన్నట్టుగా ఆ రండి వినిపించింది. ఇదివరకు తబిత ఆమెని అప్పా అని పిలిచేది, నువ్వు అనేది. సొంత అక్కని పిలిచినట్టే ఉండేది.

సుజాతమ్మ గడప మీద కూర్చుంది. చెప్పాలనుకున్నది చుట్టూ తిప్పకుండా చెప్పింది. ఆమోసు పెన్షను కాగితాలు శామ్‌కి పెడతారు. సోమవారం కోర్టుకి తబిత రావాలి.

తబిత చేప తల కోసి పక్కన పడేసింది. మరో చేప తీసుకుంది.

“వద్దు” అంది.

“కోపం ఉంటాది. నాకు తెలుసు.”

“కోపం గాదు. ఉన్నాది, నేదనను. కానీ ఇది కోపం గాదు. మీకంటే ముందు ఇద్దరొచ్చినారు జామీను పెడతామని. ఒకాయన బెంగాలీ బాబు, మా నర్సింగ్ హోం కాపలాదారు. ఇంకొకాయన నూకయ్య బాబు, మీ పక్క లైనులో ఉంతాడు. నానే వద్దన్నాను.”

జెనీ ఒక అడుగు ముందుకి వేసింది.

తబిత చెప్పడం మొదలుపెట్టాక ఆపలేదు. చేతులు మాత్రం పని మానలేదు. శామ్ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ తను ఒక్క పూట నిద్రపోలేదు. గ్యాసు సిలిండరు అమ్మేశాడు. తండ్రి గడియారం అమ్మేశాడు. తను పనిలో ఉన్నంతసేపూ, ఏ రోడ్డు పక్కనో నీలుక్కుపోయి ఉంటాడనే గుబులు. వాడు లోపలికి వెళ్ళాక కొంచెం కండపట్టాడు. జైలుకి వెళ్ళినప్పుడల్లా ఇడిపించమ్మా అని ఏడుస్తాడు. ఎవరూ జామీను రావడం లేదు నాయనా, సుజాతమ్మ రూలు పెట్టింది, సంఘంలో అందరూ దానికే కట్టుబడ్డారు అని చెబుతుంది. వాడు సుజాతమ్మని తిడతాడు. తిట్టనీ అని ఊరుకుంటుంది.

“మీ రూలు ఎనకాల దాక్కుని నాను నా కొడుకుని బతికించుకుంతన్నాను” అంది. “ఇప్పుడొచ్చి అది తీసీస్తానంటే ఆడికి ఏటి సెప్పమంతారు? నీ తల్లికే నువ్వు అక్కర్నేదని సెప్పమంతారా?”

సందు చివర ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. సుజాతమ్మ ఎన్ని సభల్లో ఎన్నిసార్లు వాదించినా, తన రూలు మంచిదని ఇంత గట్టిగా ఎవరూ ఆమెకి చెప్పలేదు. ఆ మాట నమ్మితే చాలు. రూలు ఉంటుంది. కానీ టోనీ కూడా లోపలే ఉంటాడు. ఈ తల్లి మాట కాదని శామ్‌ని బయటికి తెచ్చి, వాడికేమన్నా అయితే ఆ పెట్టె మీద మొదటి మట్టి తనే వెయ్యాలి.

జెనీ తబిత పక్కన కింద కూర్చుంది.

“పిన్నీ, ఒక మాట సెప్తాను. తిట్టుకోకు. మా సెంటరుకి జైలు నుంచి ఇడుదలైనోళ్ళు వస్తారు. అక్కడ గూడా దొరుకుతాదని ఆళ్ళు సెప్తారు.”

కత్తిపీట మీద తబిత చెయ్యి ఆగింది.

“ఎవులు సెప్పినారు?”

“ఒకళ్ళు గాదు. అందరికీ దొరక్కపోవచ్చు. శామ్ తీసుకుంతన్నాడని నాననడం నేదు. మానీసినాడేమో గూడా. కానీ గోడ ఉన్నాది గదా అని నువ్వు నిద్రపోతన్నావు. ఆ గోడకి తలుపులున్నాయి. ఆడు బయటికొస్తే రోజూ పొద్దున్న నా ఎదర మాత్ర మింగుతాడు. సచ్చినట్టు మింగిస్తాను. అది నా సేతిలో ఉన్నాది. అంతకుమించి ఒట్టు పెట్టలేను.”

“కండపట్టినాడు గదే” అంది తబిత. ఎవరినో అడిగినట్టు అంది. “మెడకాడ కండొచ్చినాది. నా కళ్ళతో సూసినాను.”



తబిత లేచి బక్కెట్లో చేతులు కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది. చెంగుతో తుడుచుకుని వచ్చి సుజాతమ్మ ఎదురుగా నిలబడింది.

“అప్పా” అంది. ఆ పిలుపు ఆమెకి తెలియకుండానే వచ్చింది. “నాకు సదువు నేదు. సట్టం బిగించాలో వొదలాలో నాకు తెల్దు. మీరిద్దరూ హాల్లో మాట్లాడినప్పుడు నాను ఎనక బల్ల మీద ఉన్నాను. నువ్వు సెప్తే నీదే నిజమనిపించినాది. ఇది సెప్తే దీనిదే నిజమనిపించినాది. ఇప్పుడు నాకో పని సెయ్యి. రేపు జైల్లో ములాకాత్ ఉన్నాది. నువ్వొచ్చి శామ్‌ని పిలువు. నా రూలు వల్లే ఎవులూ రావట్లేదు, ఇంక నువ్వు ఇక్కడే ఉండాలని ఆడి మొహం సూసి సెప్పు. ఆడి కళ్ళు సూడు, సేతులు సూడు. అలాటి పిల్లోణ్ణి కన్నదానివి, తీసుకుంతన్నాడో మానీసినాడో నీకు తెలిసిపోద్ది. నాను తల్లిని, నాకు కండే కనపడతాది. నువ్వు సూసొచ్చి ఏది సెప్తే అది సేస్తాను.”

“అత్త జైలుకి రాదు పిన్నీ” అంది జెనీ మెల్లగా. “టోనీ కోసమే ఒక్కసారి గూడా రానేదు.”

“వస్తాను” అంది సుజాతమ్మ.

జెనీ ఆమె వైపు చూసింది. సుజాతమ్మ గడప పట్టుకుని లేచి నిలబడుతోంది. కోడలు చెయ్యి అందించబోయినా తీసుకోలేదు.

“అత్తా, అక్కడ ఒకళ్ళకి ఒక పేరే రాసుకుంతారు” అంది జెనీ. “శామ్‌ని పిలిస్తే ఆ పూటకి టోనీని సూడనివ్వరు. ఒకటే జాలీ గది, ఇనప వల కిటికీలు వరసగా ఉంతాయి. టోనీ అక్కడికి రాపోతే పరవాలేదు. మావయ్య కోసం వచ్చినాడంటే నువ్వు కనపడతావు. నెల నుంచీ అమ్మేదని అడుగుతన్నాడు ఆడు.”

“మీ మావయ్య రేపు రాడు. వకీలు దగ్గరికి ఎల్లాల.”

“అయితే టోనీని నాను పిలుస్తాను అప్పా” అంది తబిత. “నువ్వు నా కొడుకుని సూస్తే నాను నీ కొడుకుని సూడొద్దా? ఆడికి పప్పుండలు ఇష్టం, తెలుసు నాకు.”

సుజాతమ్మ తల ఊపింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఒకప్పుడు చర్చి మెట్ల మీద పక్కపక్కన కూర్చుని పిల్లలకి క్రాపులు, బొత్తాలు సవరించిన ఆడవాళ్ళు వాళ్ళు. మాట్లాడుకుని ఎన్నాళ్ళయిందో ఇద్దరూ పైకి అనలేదు.

జెనీ టోటో పిలవడానికి సందు చివరికి వెళ్ళింది. సుజాతమ్మ ఆమె వెనకే నాలుగడుగులు వేసింది.

“అప్పా” అని తబిత వాకిట్లోంచి మళ్ళీ పిలిచింది. “మీవోడు కిటికీ కాడికి పరిగెత్తుకొస్తాడు. వొచ్చి నన్ను సూసి, మాయమ్మేదని అడుగుతాడు. ఏటి సెప్పమంటావు?”

సుజాతమ్మ వెనక్కి తిరిగింది.

“పక్క కిటికీ కాడ ఉన్నాదని సెప్పు” అంది.